లప్పం కింద స్లాబు

ఇల్లు కొనేముందు ఒకసారి వచ్చి చూసిపెట్టమని ఈమధ్య నాకు ఫోన్లు వస్తున్నాయి. ఎక్కువమంది ముప్పై, నలభై ఏళ్ల మధ్యవాళ్లు. నాలుగు పోర్షన్లో ఆరు పోర్షన్లో ఉన్న పాత డాబా ఒకటి కొని, అద్దెలకిచ్చుకుంటే రేపు పనిచేయలేని రోజున ఆసరాగా ఉంటుందని వాళ్ల ఆలోచన. మంచి ఆలోచనే. కాదనను. నేను గేటు దగ్గర సైకిలు దిగీ దిగకముందే నా చేతిలో కాగితాల ఫైలు పెట్టబోతారు. ఈసీ తీయించామండి, లింకు దస్తావేజులు లాయరుగారు చూశారండి, ఇంటిపన్ను రసీదులన్నీ ఉన్నాయండి, మీటర్లు విడివిడిగా ఉన్నాయండి, వాస్తు ఆయన రెండుసార్లు వచ్చి వెళ్లారండి అంటారు.

“స్లాబు చూశారా?” అంటాను.

ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అప్పుడు నాకు ఒళ్లు మండిపోతుంది. తలుపు ఏ మూలకుందో తేల్చడానికి రెండుసార్లు మనిషిని పిలిపించారు. రేపు ఆ తలుపులోంచి లోపలికెళ్లి పడుకునే వాళ్ల నెత్తిమీద ఏముందో చూడటానికి ఒక్కసారి తల పైకెత్తలేదు. ఇంత కోపం ఎందుకు మేస్త్రిగారూ అని ఒక కుర్రాడు నవ్వుతూ అడిగాడు మొన్న. అతనికి చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను. ఆ కోపంలో సగం ఇళ్లు కొనబోయే మీ మీద. మిగతా సగం ఎవరిమీదో చదివితే మీకే తెలుస్తుంది.

నేను తాపీ మేస్త్రిని. మొవ్వ దగ్గర మా ఊరు. ఇరవై ఏళ్లప్పుడు బందరు వచ్చి, నలభై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే పనిచేశాను. కట్టినవాటికంటే బాగుచేసినవే ఎక్కువ. సముద్రం పక్క ఊరు కదా, ఇక్కడ ఇళ్లకు రోగాలు తొందరగా వస్తాయి. గాలిలో ఉప్పు, బోరునీళ్లలో ఉప్పు. ఒకప్పుడు కాలువ నీళ్లు మోయించడం ఎందుకని, పెరట్లో బోరు వేసి, ఆ ఉప్పునీళ్లతోనే కాంక్రీటు కలిపి స్లాబులు పోసినవాళ్లు చాలామంది ఉన్నారు. పోసిన రోజు బాగానే ఉంటుంది. పదేళ్లు, పదిహేనేళ్లు బాగానే ఉంటుంది. లోపల కడ్డీ మాత్రం తుప్పు పడుతూనే ఉంటుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది. ఉబ్బి, తనను పట్టుకున్న కాంక్రీటును తనే పగలగొడుతుంది. ముందు సన్నటి గీతలా కనపడుతుంది, తర్వాత పెచ్చులూడతాయి. మీకు తెలియాల్సిన సాంకేతికం ఇంతే.

ఏడేళ్ల కిందట ఒక వానాకాలం ముందు చల్లపల్లి నుంచి నాకు కబురొచ్చింది. పిలిచింది ఒక వడ్ల వ్యాపారి. బందరులో ఆయనకు ఆరు పోర్షన్ల డాబా ఒకటుంది. కింద మూడు, పైన మూడు. ఆయన ఎన్నడూ అందులో ఉండలేదు, అద్దెల కోసమే కట్టించింది. నేను కట్టింది కాదు. అమ్మేస్తున్నాననీ, పార్టీ పదిరోజుల్లో చూడటానికి వస్తోందనీ, ఈలోపు పెచ్చులూడినచోట్ల పూసి, గీతలు కనపడకుండా లప్పం పెట్టి, రంగులు వేయించమనీ చెప్పాడు.

నాతో పూతపనికి ఎప్పుడూ ఒక ఆయన వచ్చేవాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. బందరు మనిషి, వాళ్ల నాన్నా ఆ పనే. నేను ‘భాయ్’ అనేవాణ్ని, ఆయన నన్ను ‘తమ్ముడూ’ అనేవాడు. ఆయన పూసిన గోడమీద దారం లాగి పట్టినా ఎక్కడా వెలుతురు కనపడేది కాదు. మాటలు తక్కువ. పని మధ్యలో జేబులోంచి సోంపు తీసి నములుతుండేవాడు.

మొదటిరోజు పైన మూడు పోర్షన్లు చూశాం. పాతదే అయినా ఫరవాలేదు, పూతతో నిలబడేదే. రెండోరోజు కింద మధ్య పోర్షన్ తలుపు తీశాం. ఆరింట్లో అదొక్కటే ఖాళీగా ఉంది. వంటగదిలోకి వెళ్లాక ఎందుకు ఖాళీగా ఉందో అర్థమైంది. పైవాటా స్నానాలగదీ, డాబామీది వాననీళ్లు దిగే గొట్టమూ సరిగ్గా దానిమీదే. పైకప్పు నిండా తుప్పు మరకలు. భాయ్ స్టూలెక్కి ఉలితో ఒక్క దెబ్బ వేశాడు. గంపెడు పెచ్చు ఊడి పడింది. లోపల కడ్డీ బయటపడితే చెయ్యి పెట్టి లాగాడు. వేలెడు ముక్క విరిగి చేతిలోకి వచ్చింది. దాన్ని రెండు వేళ్లమధ్య నలిపాడు. ఎర్రటి పొడి రాలింది.

స్టూలు దిగి ఆ పొడి నాకు చూపించాడు.

“తమ్ముడూ, ఇది పూసేది కాదు. కొట్టేసి మళ్లీ పొయ్యాలి. ఆ ఖర్చు పెట్టుకోకపోతే కనీసం కింద ఇనప దూలాలన్నా ఇవ్వాలి. ఏదీ లేకపోతే ఈ గదికి తాళమెయ్యమను.”

నేను బయటికొచ్చి వ్యాపారికి ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ ఒక్కటే నేను సక్రమంగా చేసింది.

ఆయన తాపీగా విన్నాడు. “మేస్త్రీ, ఆ ఇంట్లో నేనుంటానా, నువ్వుంటావా? కనపడకుండా చెయ్యి, చాలు. వంటగదికి ఫాల్స్ సీలింగ్ కొట్టించు. చూడ్డానికి కొత్తగా కూడా ఉంటుంది,” అన్నాడు. ఆ వెంటనే, “చల్లపల్లిలో మా ఇల్లు మొదలెడుతున్నాం కదా. ఆ పని నీకే అనుకుంటున్నాను,” అన్నాడు.

నా వయసప్పుడు యాభై తొమ్మిది. చిల్లరమల్లర పనులు చేసీ చేసీ విసిగిపోయి ఉన్నాను. చివర్లో ఒక్క పెద్ద ఇల్లు పునాదినుంచి కట్టాలని, జనం దాన్ని చూసి ఫలానా మేస్త్రి కట్టాడని చెప్పుకోవాలని ఆశ. కారణం చెబుతున్నాను, సాకు చెప్పడం లేదు. ఆ రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు, ఎందుకంటే చాలాకాలం నేను నాకే సాకు చెప్పుకున్నాను.

లోపలికెళ్లి, “ఫాల్స్ సీలింగ్ వేయమంటున్నాడు భాయ్,” అన్నాను.

భాయ్ తాపీ, గరిటె, బద్ద అన్నీ బకెట్లో కడిగాడు. సంచిలో సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, “ఈ పనికి నా చెయ్యి రాదు తమ్ముడూ. నువ్వు కూడా మానెయ్,” అన్నాడు.

“మనం మానేస్తే ఇంకొకడు చేస్తాడు కదా.”

“చెయ్యనీ. ఆ ఇంకొకడు నువ్వెందుకవ్వాలి?” అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

నాకు ఆయనమీద కోపమొచ్చింది. చూశారా, తప్పు చేసేవాడికి కోపం ఎవరిమీద వస్తుందో. ఇంకో ఇద్దరిని పెట్టి పని పూర్తిచేయించాను. ఆ వంటగదికి తెల్లటి పలకలతో ఫాల్స్ సీలింగ్ బిగించాం. మిగతా గదులకు లప్పం రెండు కోట్లు, రంగు రెండు కోట్లు. చివరికి నేనే గది మధ్యలో నిలబడి చూసుకున్నాను. ఏ మచ్చా లేదు. గర్వపడ్డాను కూడా.

ఇక్కడొకమాట. అద్దెకిచ్చే పోర్షన్‌లో, అదీ పొగా నూనె జిడ్డూ పట్టే వంటగదిలో, ఫాల్స్ సీలింగ్ కనపడితే ఆగండి. ఏ యజమానీ అద్దెకుండేవాళ్ల ముచ్చట కోసం దాన్ని వేయించడు. ఒక పలక తీయించి టార్చిలైటు వెయ్యండి. తియ్యనంటే కొనకండి. ఇల్లంతా కొత్త రంగు వాసన కొడుతుంటే సంతోషపడకండి, ఎందుకేశారో అడగండి. ఆరింట్లో ఒక్కటే ఖాళీగా ఉంటే పక్కవాటా వాళ్లను పిలిచి మాట్లాడండి, యజమాని లేనప్పుడు.

కొనడానికి వచ్చినావిడ గుడివాడలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త పోయి చాలాకాలమైంది. గుడివాడలో రేట్లు అందక బందరు వైపు చూసిందట. వెంట తమ్ముడొచ్చాడు. ఆయన చేతిలో దిక్సూచి. ఈశాన్యం ఎంత పెరిగింది, మెట్లు ఎటు తిరిగాయి అని కొలుచుకుంటూ తిరుగుతున్నాడు. కుడివైపు పోర్షన్‌లో అద్దెకున్నావిడ గుమ్మంలోకొచ్చి ఏదో చెప్పబోయింది. “మీకేం ఇబ్బంది లేదమ్మా, మిమ్మల్ని ఖాళీ చేయించం, లోపలికెళ్లండి,” అన్నాడు ఆ తమ్ముడు. ఆవిడ వెళ్లిపోయింది. తర్వాత నాతో చెప్పింది, మధ్యవాటాలో పాతవాళ్లు పెచ్చులు పడుతున్నాయనే ఖాళీ చేశారని చెబుదామని వచ్చిందట.

నేను మెట్ల దగ్గర పిట్టగోడకు రంగు సవరిస్తున్నాను. నర్సమ్మ ఒక్కతే నా దగ్గరకు వచ్చింది. కాగితాల ఫైలు చంకలో ఉంది.

“మేస్త్రిగారూ, పని మీరే చేయించారా?”

“అవునండి.”

“నాకు ఇళ్ల సంగతి తెలీదండి. కాగితాలంటే ఎవరో ఒకరు చదివిపెడతారు. ఇల్లు చదివేవాళ్లెవరూ దొరకలేదు. మీ ఇంటి ఆడపడుచు అనుకుని చెప్పండి. కొనచ్చా?”

అడిగిందండీ ఆవిడ. అడగాల్సిన ప్రశ్న, అడగాల్సిన మనిషిని, సూటిగా అడిగింది. కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని నీతులు చెప్పేవాళ్లందరికీ ఈ సంగతి చెబుతాను. ఆవిడ జాగ్రత్తగానే ఉంది.

“నిక్షేపంలాంటి ఇల్లండి. కళ్లుమూసుకుని తీసుకోండి,” అన్నాను. బ్రష్ డబ్బాలో ముంచి మళ్లీ పని మొదలుపెట్టాను, ఆవిడ మొహం చూడకుండా.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. నెల తిరక్కుండా మధ్యవాటాలోకి ఒక కుటుంబం దిగింది. దివిసీమ చివర సముద్రపొడ్డు ఊరివాళ్లు. అతను గిలకలదిండి రేవు నుంచి బోటుమీద చేపలవేటకు వెళ్తాడు. ఆమె చేపల మార్కెట్‌లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసిపెడుతుంది. కూతురు తొమ్మిదో తరగతి. ఆ పిల్ల చదువు కోసమే ఊరు వదిలి వచ్చారు. నర్సమ్మ మంచి యజమానురాలు. మీలో చాలామందికంటే మంచిది. నెలకోసారి గుడివాడనుంచి పామర్రు మీదుగా బస్సులో వచ్చి ఆరిళ్లూ తిరిగి, కుళాయిలు కారుతున్నాయా, దొడ్లో నీళ్లు నిలుస్తున్నాయా అని అడిగి వెళ్లేది.

మొదటి వానలు పడ్డాక ఆవిడ నాకు ఫోన్ చేసింది. మధ్యవాటా వంటగదిలో పైన ఏదో చప్పుడవుతోందట. “మీరు చేసిన ఇల్లే కదా మేస్త్రిగారూ, ఒకసారి చూసొస్తారా?” అంది.

వెళ్లాను. ఇంటామె అప్పుడే మార్కెట్ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది.

“అన్నా, పైన ఏదో రాలతన్నట్టు ఉందన్నా. పొయ్యి కాడ నించుంటే టపటపా ఇనబడతంది. సూడు, ఆ పలక దిగినట్టు లేదా?”

పలక దిగింది. స్టూలేసుకుని ఎక్కి పక్క పలక అంచు కాస్త పైకెత్తాను. సందులోంచి చూస్తే అరచేయంత పెచ్చులు పది పన్నెండు పలకలమీద పేర్చినట్టు పడి ఉన్నాయి. పైన కడ్డీలు వరుసగా బయటపడి వేలాడుతున్నాయి. చూశాను. నా రెండు కళ్లతో చూశాను. అంచు మెల్లగా దించి పెట్టేశాను.

కింద ఆమె తల పైకెత్తి నా మొహం వైపే చూస్తోంది.

“ఎలుకలమ్మా,” అన్నాను.

ఎందుకన్నాను? నిజం చెబితే, మరి కొనేటప్పుడు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. రెండోసారి నిజం చెప్పాలంటే మొదటిసారి అబద్ధమాడానని ఒప్పుకోవాలి. నాకు పరువు అడ్డొచ్చింది. ఒక తాపీ మేస్త్రి పరువు, చూడండి, ఎంత ఖరీదైందో. నెమ్మదిగా వ్యాపారితో మాట్లాడి ఏదో ఒకటి చేయిద్దామని అనుకుంటూ ఇంటికొచ్చాను. చల్లపల్లి ఇంటి పని ఇంకా మొదలుకాలేదు. ఆ ఫోనూ చేయలేదు.

నర్సమ్మ మర్నాడే బస్సులో వచ్చింది. సంచిలో ఎలుకల బోను తెచ్చి, ఎండుచేప ముక్క గుచ్చి, ఎలా పెట్టాలో ఆమెకు చూపించి వెళ్లిందట. ఆ బోను సంగతి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. అదీ రాస్తున్నాను, దాచను.

మూడు వారాలకు వాయుగుండం పట్టింది. మూడురోజులు ఎడతెగని వాన. మూడోరోజు ఉదయం తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. భాయ్. ఆయన ఇల్లు ఆ డాబాకు రెండు సందుల అవతలే.

“తమ్ముడూ, పడింది,” అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా పెట్టేశాడు.

నేను వెళ్లేసరికి సందులో మోకాలిలోతు నీళ్లు. వాకిట్లో జనం. వంటగది సగం స్లాబు కూలింది. అప్పుడు ఇంట్లో ఇద్దరే ఉన్నారు. భర్త బోటును గట్టిగా కట్టుకోవడానికి గిలకలదిండి వెళ్లాడు. వానకు బడి లేక పిల్ల ముందుగదిలో పుస్తకం చదువుకుంటోంది. పైన చిటపటమని వినపడగానే తల్లి ‘బైటికి పో’ అని పిల్లమీద అరిచి తను అడుగు తీసేలోపే వచ్చి పడింది. తలమీద పడకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టింది. ముంజేయి, మణికట్టు, వేళ్లు, అన్నీ ఆ పెచ్చుకూ పొయ్యి గట్టుకూ మధ్య నలిగాయి.

భాయ్, పక్కవాటా మగవాళ్లూ కలిసి కాంక్రీటు ఎత్తి ఆమెను బయటికి తెచ్చారు. భాయ్ తన తలగుడ్డ విప్పి ఆమె చేతికి చుట్టాడు. నేల మీద మట్టిలో నేను రంగేయించిన పలకలు ముక్కలై తెల్లగా పడున్నాయి. ఆమెను ఆటోలో ఎక్కిస్తున్నారు. నేను దారికి అడ్డంగా నిలబడిపోయాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. మొహం పాలిపోయి ఉంది. తిట్టలేదు. ఏదో నాకు తెలియని సంగతి నాకు చెప్పాలన్నట్టుగా అంది:

“ఎలకలు కాదన్నా.”

ఆటో వెళ్లిపోయింది.

నర్సమ్మ మధ్యాహ్నానికి చేరింది. ముందు ఆసుపత్రికి వెళ్లి, డాక్టర్లతో మాట్లాడి, పిల్లను పక్కింటావిడకు అప్పగించి, అప్పుడు ఇంటికొచ్చింది. చీర మోకాళ్లదాకా బురద. వంటగది గుమ్మంలో నిలబడి పైకి చూసింది. తుప్పుపట్టి సన్నబడిన కడ్డీలు, వాటి సందుల్లోంచి పైవాటా గచ్చు. తర్వాత నావైపు తిరిగింది.

“మీకు తెలుసా?”

“తెలుసండి.”

“ఎప్పట్నుంచి?”

“మీరు కొనకముందు నుంచి.”

కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ నా మాట వదిలేసి వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా చెప్పింది: “ఆరిళ్లవాళ్లూ ఇప్పుడే బయటికి రండి. సామాన్ల సంగతి తర్వాత. బళ్లో అడిగి గది తీయిస్తాను.” అప్పటికప్పుడు అందరినీ బయటికి తెప్పించింది. నేను టింబర్ డిపోకు పరిగెత్తి సరుగుడు బాదులు తెచ్చాను. భాయ్, నేను, ఇంకో నలుగురు మగవాళ్లు కలిసి కూలకుండా మిగిలిన స్లాబుకింద పొద్దుగూకేదాకా బాదులు నిలబెట్టాం. అంతసేపూ భాయ్ నాతో అన్నవి రెండే మాటలు. ‘పట్టు’, ‘వదులు’, అంతే.

పనయ్యాక నర్సమ్మ వచ్చింది.

“మిగతాది కూలకుండా ఆపాలి కాబట్టి ఇప్పటిదాకా చెయ్యనిచ్చాను. ఇంక ఈ గుమ్మం తొక్కకండి,” అంది. భాయ్ వైపు తిరిగి, “మీరు ఈ పని మానేసి వెళ్లిపోయారని పక్కావిడ చెప్పింది. స్లాబు కొట్టించి మళ్లీ పోయించాలి. మీరు చేయిస్తారా?” అని అడిగింది.

కాలువ నీళ్లు ట్యాంకర్లలో తెప్పించుకుని మరీ ఆ స్లాబు పోయించాడు భాయ్. సందు చివర నిలబడి ఒకసారి చూశాను. దగ్గరకు వెళ్లలేదు.

స్లాబు కూలిన మర్నాడే నేను చల్లపల్లి వెళ్లాను. వ్యాపారి వరండాలో కాఫీ తాగుతున్నాడు. జరిగింది చెప్పాను. ఆమె చెయ్యి ఇక పనికి రాదని డాక్టర్లు అన్నారని చెప్పాను.

“పాపం,” అన్నాడు. “అయినా అమ్మేశాక నాకేం సంబంధం? కొనేవాళ్లు చూసుకుని కొన్నారు. నేనేమన్నా కళ్లకు గంతలు కట్టానా?”

“గంతలు కట్టింది నేనండి. కట్టించింది మీరు.”

“గట్టిగా మాట్లాడకు. లోపల ఆడవాళ్లున్నారు.” కప్పు కింద పెట్టాడు. “ఇదిగో మేస్త్రీ, వచ్చేనెల మన ఇంటికి శంకుస్థాపన. నీకోసమే ఆగాను. ఈ గొడవలో నువ్వు నోరు కలపకు.”

ఆ ఇల్లు కట్టాలని నేను ఎంతగా కోరుకున్నానో మీకు చెప్పాను. ఆ క్షణాన ఆ మనిషి గుమ్మం ముందు నిలబడి, నా ఆశ ఎంత చవగ్గా ఆయనకు దొరికిపోయిందో చూసుకున్నాను. “మీ ఇంటికి ఉప్పునీళ్లతో స్లాబు పోసేవాణ్ని వెతుక్కోండి,” అని వచ్చేశాను. ఆ మాట పెద్ద ఘనకార్యమేమీ కాదు. మూడు నెలల ముందు ఫోన్‌లో అనాల్సింది.

నర్సమ్మ ఆ వ్యాపారిమీద కోర్టులో కేసు వేసింది. నేను చేసిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, భాయ్ చేత ఆవిడకు పంపాను. పొద్దున్నే పనికోసం నిలబడే అడ్డా దగ్గర తోటి మేస్త్రులు నన్ను చుట్టుముట్టారు. “నువ్వొక్కడివే చేశావా? లప్పం పెట్టనివాడెవడు? ఇలా బయటపెట్టుకుంటే మన నోట్లో మట్టే కదా బావా,” అన్నాడొకడు. తర్వాత్తర్వాత ఇళ్లవాళ్లూ నన్ను పిలవడం తగ్గించారు. ‘ఆ మేస్త్రి కోర్టుకెక్కుతాడట’ అని పేరొచ్చింది. నేను రిటైరయ్యానని అందరితో చెబుతుంటాను. తాపీ మేస్త్రికి రిటైర్మెంటేమిటి? పనికి పిలవడం మానేశారు, అంతే. ఇప్పుడు ఇల్లు చూసిపెట్టమని పిలిచేది కొనబోయే మీలాంటివాళ్లే.

అద్దెలకిచ్చుకునే ఇల్లు కొనబోయే మీకు నేను చెప్పేదేమిటంటే, కొనేముందు ఒకసారి వానరోజున వెళ్లండి. పొడుగాటి కర్ర తీసుకెళ్లి ప్రతి గదిలోనూ స్లాబును తట్టండి. గట్టిదైతే ఖంగున పలుకుతుంది, లోపల విడిపోయిందైతే డొల్లగా మోగుతుంది, తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. పైవాటా స్నానాలగది కిందకొచ్చే చోటు, ట్యాంకు కిందకొచ్చే చోటు ముందు చూడండి. ఇల్లు కట్టినప్పుడు నీళ్లెక్కణ్నుంచి తెచ్చారో వీధిలో ముసలివాళ్లను అడగండి. అమ్మేవాడి మేస్త్రిని మాత్రం అడక్కండి, నాలాంటివాడు ఉంటాడు. కొన్నాక అద్దెకున్నవాళ్లు పైన చప్పుడవుతోందంటే, ఫోన్‌లో సమాధానం చెప్పకండి. వెళ్లండి. మీరే స్టూలెక్కండి. పైకి కనపడని రోగం ముందు ఇంట్లో ఉండేవాళ్లకే తెలుస్తుంది, యజమానికి కాదు. వాళ్ల మాటను సణుగుడు కింద కొట్టిపారేసేవాళ్లంటే నాకు అసహ్యం. నేను అదే పని చేశాను కాబట్టి మరీ అసహ్యం.

ఆ కేసు ఏళ్ల తరబడి వాయిదాలు పడి, కిందటేడు సాక్షుల దాకా వచ్చింది. నేను బోనెక్కాను. వ్యాపారి రాలేదు, ఒంట్లో బాగాలేదట. ఆయన లాయరు కుర్రవాడు, చురుకైనవాడు.

“ఇల్లు నిక్షేపంలా ఉందని కొనేవాళ్లతో చెప్పింది మీరేనా?”

“నేనేనండి.”

“పైన ఎలుకలున్నాయని చెప్పింది?”

“నేనేనండి.”

“రెండుసార్లు అబద్ధం చెప్పిన మనిషి ఇప్పుడు నిజం చెబుతున్నాడని ఎలా నమ్మమంటారు?”

వెనక ఎవరో నవ్వారు.

“అబద్ధం చెప్పినప్పుడు ఒక్కరూ రుజువు అడగలేదు బాబూ. వెంటనే నమ్మారు. నిజం చెబుతుంటే అడుగుతున్నారు,” అన్నాను.

అడిగినదానికే జవాబు చెప్పమన్నారు జడ్జిగారు. చెప్పాను. టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టి దిగాను.

నా తర్వాత బోనెక్కింది మధ్యవాటా ఆమె. చేపలు కోయడం ఎప్పుడో పోయింది. మార్కెట్ బయట గట్టుమీద కూర్చుని ఎండుచేపలు అమ్ముతోంది. కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. వాళ్లడిగినవాటికి భయపడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చివరికి కాగితం ఆమె ముందుకొచ్చింది. ఎడమచేత్తో పెన్ను తీసుకుని, కాగితాన్ని మోచేత్తో అదిమిపెట్టి, పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టింది. పెన్ను జారింది. మళ్లీ పట్టుకుంది.

పక్కన నిలబడ్డ అవతలి లాయరుగారి గుమస్తా సిరాపెట్టె తెరిచి ఆమె ముందుకు తోశాడు. “వేలిముద్ర వేసెయ్యమ్మా. నీ వెనక ఇంకా చాలామంది ఉన్నారు.”

“నాకు రాయటం వచ్చండీ,” అంది ఆమె.

“వచ్చులేమ్మా, ఇప్పుడదంతా ఎందుకు—”

“ఆవిడ రాస్తానంటోంది కదయ్యా!” అని అరిచాను. కోర్టుహాలు మొత్తం వెనక్కి తిరిగేంత గట్టిగా అరిచాను. బంట్రోతు నావైపు రెండడుగులు వేశాడు. నర్సమ్మ బెంచీ మీంచి లేచి నిలబడింది.

ఆమె మాత్రం తల ఎత్తలేదు. “నువ్వూరుకో అన్నా,” అని మెల్లగా నన్ను మందలించి, సిరాపెట్టెను ఎడమచేతి వెనకవైపుతో పక్కకు జరిపి, రెండో అక్షరం రాయడం మొదలుపెట్టింది.